బయోస్ మార్చాలా, మానాలా?



హోసూరు పక్కనుంచి ఒక శ్రోత రాసిన ఉత్తరం నా ముందుంది. ఆయనకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, గుడి ఉత్సవాల కరపత్రాలు తెలుగులోనూ, కన్నడంలోనూ, తమిళంలోనూ తయారుచేసి ఇస్తారు. దుకాణం మొత్తానికి ఒకటే కంప్యూటరు. 2019లో విడిభాగాలు కొని కూర్పించుకున్నది. నెల రోజులుగా అది పని మధ్యలో తనంతట తానే ఆగిపోయి మళ్ళీ మొదలవుతోందట. చూడవచ్చిన కుర్రవాడు, "అన్నా, దీని బయోస్ పాతబడిపోయింది. కొత్తది ఎక్కిస్తే సరిపోతుంది" అన్నాడట. పక్క దుకాణం పెద్దాయన, "దాని జోలికి మాత్రం పోవద్దు. మధ్యలో తేడా వస్తే బోర్డే పోతుంది" అన్నాడట. "ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి. ఎవరి మాట వినమంటారు?" అని ఆయన ప్రశ్న.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరూ చెప్పింది సగమే. మిగిలిన సగం ఈ రోజు మనం మాట్లాడుకుందాం. ఆయన కంప్యూటరు సంగతి ఏమిటో చివర్లో తేలుద్దాం.

ముందుగా, బయోస్ అంటే ఏమిటి? కంప్యూటరు లోపల అన్ని భాగాలూ అమర్చి ఉండే పెద్ద పలక ఒకటి ఉంటుంది. దాన్నే మదర్‌బోర్డు అంటాం. ఆ పలక మీద చిటికెన వేలి గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. కరెంటు పోయినా చెరిగిపోని ప్రోగ్రాము ఒకటి అందులో రాసి ఉంటుంది. అదే బయోస్. మన ఇళ్ళలో తెల్లవారకముందే లేచి, తలుపులు తీసి, దీపం వెలిగించి, మిగతావాళ్ళను లేపే పెద్దావిడ ఒకరు ఉంటారు కదా, కంప్యూటరులో ఆ పని దీనిది. మీరు బటను నొక్కగానే ముందు లేచేది ఇదే. ప్రాసెసరు ఉందా, మెమరీ ఉందా, డిస్కు ఉందా అని ఒక్కొక్కరినీ పలకరిస్తుంది. అందరూ పలికాక విండోసును లేపి పెత్తనం దానికి అప్పగిస్తుంది. ఇప్పటి కంప్యూటర్లలో ఉన్నదాన్ని నిజానికి యూఈఎఫ్ఐ అనాలి. కానీ దుకాణాల్లో, వాడుకలో బయోస్ అనే పేరే నిలిచిపోయింది. మనమూ అలాగే అనుకుందాం.

1981లో ఐబీఎం సంస్థ తొలి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దానిలోని బయోస్ పరిమాణం 8 కిలోబైట్లు. ఈ రోజు మామూలు బోర్డుమీది చిప్పు 16 మెగాబైట్లో, 32 మెగాబైట్లో ఉంటుంది. అంటే రెండువేల రెట్లకు పైమాటే. అంత పెద్ద ప్రోగ్రాములో తప్పులు దొర్లకుండా ఉంటాయా? దొర్లుతాయి. తయారీదారులు వాటిని దిద్ది కొత్త ప్రతులు విడుదల చేస్తుంటారు. తొలినాళ్ళలో ఈ చిప్పుమీద రాసింది చెరపడానికి వీలుండేది కాదు. దిద్దాలంటే చిప్పునే పీకి వేరేది పెట్టాలి. 1990ల మధ్యలో ఫ్లాష్ చిప్పులు మామూలైపోయాయి. చిప్పు కదపకుండానే పాతది చెరిపి కొత్తది రాసుకునే వీలు వచ్చింది.

వీలుతో పాటు ప్రమాదమూ వచ్చింది. ఎలాగంటే, కంప్యూటరును లేపేది ఆ ప్రోగ్రామే. దాన్ని చెరిపి కొత్తది రాస్తున్న ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోతే, చిప్పులో సగం పాతదీ సగం కొత్తదీ మిగులుతుంది. మరునాడు బటను నొక్కితే లేపేవారెవరు? ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ సరిగ్గా ఈ దెబ్బే కొట్టింది. చెర్నోబిల్ వైరస్ అని కూడా దానికి పేరు. కొన్ని రకాల బోర్డులలో అది బయోస్ చిప్పులో చెత్త రాసేసింది. ఆ కంప్యూటర్లు మళ్ళీ లేవలేదు.

పక్క దుకాణం పెద్దాయన భయం ఆ రోజుల నాటిది. ఆ భయంలో తప్పు లేదు. సుమారు ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను. ఇంట్లో కంప్యూటరు చక్కగానే పనిచేస్తోంది. కొత్త నంబరు బయోస్ వచ్చిందని చూసి, కొత్తది మేలే కదా అనుకుని ఎక్కించబోయాను. మధ్యాహ్నం, ఎండాకాలం. సగంలో కరెంటు పోయింది. ఆ చిప్పును ఊడదీసి, వేరే యంత్రంలో పెట్టి రాయించి, మళ్ళీ బిగించుకునేసరికి మూడు వారాలు పట్టింది. ఇంతకీ ఆ కొత్త ప్రతిలో ఏముందని అప్పుడు చదివాను. నా దగ్గర లేని ఒక ప్రాసెసరుకు వీలు కల్పించారట, అంతే! అవసరం లేని మందు మింగి జబ్బు తెచ్చుకున్నానన్నమాట.

ఆ రోజు నేర్చుకున్న సూత్రం ఒకటే. బయోస్ మార్చబోయేముందు, "ఎందుకు మారుస్తున్నాను?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలగాలి. ఆ జవాబు తయారీదారు రాసిన వివరాలలో కనబడాలి. కొత్తది వచ్చింది కాబట్టి అన్నది జవాబు కాదు. సరైన జవాబులు నాలుగు రకాలు ఉంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, పాత బోర్డులో కొత్త ప్రాసెసరు పెట్టుకోవాలనుకున్నప్పుడు. బోర్డు తయారైననాటికి పుట్టని ప్రాసెసరును దాని బయోస్ ఎలా గుర్తుపడుతుంది? 2018లో వచ్చిన బీ450 రకం బోర్డులు మన ఊళ్ళలో చాలా అమ్ముడయ్యాయి. వాటిలో 2020 నవంబరులో వచ్చిన ఏఎండీ రైజెన్ 5000 వరస ప్రాసెసరు పెట్టాలంటే బయోస్ మార్చక తప్పదు. ఇక్కడ వరస తప్పకూడదు. పాత ప్రాసెసరు ఉండగానే ముందు బయోస్ మార్చాలి, ఆ తర్వాతే కొత్త ప్రాసెసరు బిగించాలి. ముందే బిగిస్తే తెర వెలగదు. డబ్బు పోసి కొన్నది పాడైపోయిందని గుండెలు బాదుకుంటారు. ఇంకొక మాట. కొన్ని బోర్డులలో చిప్పు చిన్నది కావడంతో కొత్త ప్రాసెసర్లకు చోటు చేయడానికి బాగా పాత ప్రాసెసర్ల వివరాలు తీసేశారు. కాబట్టి మీ బోర్డు పేరు కింద తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల పట్టికను ముందుగా చూసుకోవాలి.

రెండోది, పాత బయోస్ ఉంటే యంత్రానికే హాని జరిగే సందర్భం. ఇది అరుదు. కానీ వచ్చినప్పుడు ఆలస్యం చేయకూడదు. ఈ మధ్య జరిగిన పెద్ద ఉదాహరణ ఇంటెల్ వారి 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లది. వాటిలో కొన్ని ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టాయి. ప్రాసెసరు అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందనీ, ఆ పోటుకు లోపలి భాగం క్రమంగా దెబ్బతింటోందనీ 2024లో తేలింది. ఆ ఏడాది ఆగస్టులోనూ, సెప్టెంబరులోనూ దిద్దుబాట్లు విడుదలయ్యాయి. అవి బోర్డు తయారీదారుల కొత్త బయోస్‌ల ద్వారా జనానికి అందాయి. ఇంటెల్ సంస్థ అప్పుడే ఒక సంగతి స్పష్టంగా చెప్పింది. ఈ దిద్దుబాటు ఇకముందు జరగబోయే నష్టాన్ని ఆపుతుంది కానీ, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసరును బాగుచేయదు. అందుకే వారంటీని మరో రెండేళ్ళు పొడిగించారు. ఇలాంటి చోట "పనిచేస్తున్నదాన్ని కదపొద్దు" అనే పెద్దల మాట పట్టుకుని కూర్చుంటే నష్టపోయేది మనమే. పంటకు తెగులు కనబడకముందే మందు కొట్టాలి, ఆకు ఎండిపోయాక కొట్టి లాభమేమిటి?

2023లో ఏఎండీ వైపు కూడా ఇలాంటిదే జరిగింది. రైజెన్ 7000 వరసలో కొన్ని ప్రాసెసర్లు బోర్డుమీదే కాలిపోయాయి. ఒక భాగానికి వెళ్ళే వోల్టేజీ 1.3 దాటకుండా కట్టడి చేస్తూ కొత్త బయోస్‌లు వచ్చాయి. ఈ రెండు రకాల కంప్యూటర్లలో ఏదైనా మీ ఇంట్లో ఉండి, కొన్ననాటినుంచీ బయోస్ మార్చి ఉండకపోతే, ఈ ప్రసంగం అయ్యాక వెళ్ళి దాని తేదీ చూడండి. తేదీ ఎలా చూడాలో కాసేపట్లో చెబుతాను.

మూడోది, భద్రత. వైరస్‌లను పట్టే ప్రోగ్రాములన్నీ విండోస్ లేచాక పనిచేసేవే. విండోస్ కంటే ముందు లేచే బయోస్‌లోనే కన్నం ఉంటే అవి చాలావరకు గుర్తుపట్టలేవు. 2023 డిసెంబరులో లోగోఫెయిల్ అనే లోపం బయటపడింది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరమీద కనిపించే కంపెనీ గుర్తు ఉంటుంది కదా, ఆ బొమ్మను చదివే ప్రోగ్రాములోని లోపం అది. బొమ్మ రూపంలో దొంగ ప్రోగ్రామును లోపలికి పంపే వీలుందని పరిశోధకులు చూపించారు. అలాగే సెక్యూర్ బూట్ అనే కాపలా ఏర్పాటు ఉంది. దానికి వాడే సర్టిఫికెట్లు 2011లో ఇచ్చినవి. వాటి గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా తీరిపోయేలా ఉంది. గడువు తీరితే కంప్యూటరు ఆగిపోదు, కంగారు పడకండి. మొదలయ్యే దశకు సంబంధించిన కొత్త రక్షణలు మాత్రం దానికి అందవు. 2023 నాటి కొత్త సర్టిఫికెట్లను మైక్రోసాఫ్ట్ విండోస్ అప్‌డేట్ ద్వారా పంపే ఏర్పాటు చేసింది. కొన్ని కంప్యూటర్లలో అవి సరిగా కుదురుకోవడానికి తయారీదారు ఇచ్చే బయోస్ కూడా కావాలి. బ్యాంకు పనులు, జనం ఆధార్ కాగితాలు చూసే దుకాణాల వారు ఈ మూడో కారణాన్ని తేలికగా తీసుకోకూడదు.

నాలుగోది, మీ యంత్రంలో ఉన్న ఇబ్బంది పేరు తయారీదారు రాసిన దిద్దుబాట్ల జాబితాలో కనిపించినప్పుడు. ఉదాహరణకు, 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చాక కొన్ని ఏఎండీ కంప్యూటర్లు ఉండి ఉండి క్షణంపాటు బిగుసుకుపోయేవి. పాట వింటుంటే గొంతు నత్తి కొట్టేది. అది బయోస్‌లో భాగమైన ఒక భద్రతా ఏర్పాటు వల్ల వచ్చిన ఇబ్బంది అని తేలింది. 2022లో కొత్త బయోస్‌లతో అది తీరిపోయింది. మీ ఇబ్బంది, జాబితాలో ఉన్న ఇబ్బంది ఒకటే అయితే సంకోచం అక్కర్లేదు.

ఆ జాబితాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇంట్లో చదువుకునే పిల్లల్ని పిలిచి చదివించండి. "సిస్టం నిలకడ మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క రాసి వదిలేసి ఉంటే, అది మీకు కావలసిందో కాదో చెప్పలేం. అలాంటప్పుడు తొందర అక్కర్లేదు. "బీటా" అని రాసి ఉంటే అది ఇంకా పరీక్షలో ఉన్న ప్రతి. జీవనాధారమైన కంప్యూటరు మీద దాన్ని ప్రయోగించవద్దు.

ఇక బయోస్ వల్ల కాని జబ్బులు కొన్ని చెబుతాను. కంప్యూటరు నెమ్మదించింది అంటే సాధారణంగా పాత హార్డ్‌డిస్కో, మెమరీ చాలకపోవడమో కారణం. డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా అదే రోజు తెలుస్తుంది. గడియారం రోజూ వెనక్కి పోతోందంటే బోర్డుమీది రూపాయి బిళ్ళ లాంటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే వాచీల దుకాణంలో కూడా ఇస్తారు. "మీ బయోస్ పాతది, ఇక్కడ నొక్కండి" అని ఇంటర్నెట్‌లో తెరమీదికి దూకి వచ్చే ప్రకటన ఏదైనా సరే, నొక్కకుండా మూసేయండి. బయోస్ తెచ్చుకోవలసిన చోటు ఒక్కటే, మీ బోర్డు లేదా ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ వారి సొంత సైటు.

కొత్త ప్రతి రాగానే ముందు వరసలో నిలబడనక్కర్లేదు కూడా. 2018 జనవరిలో స్పెక్టర్ అనే పెద్ద లోపం బయటపడినప్పుడు హడావుడిగా దిద్దుబాట్లు వచ్చాయి. వాటివల్ల కొన్ని కంప్యూటర్లు ఊరికే ఆగి మొదలవడం ప్రారంభించాయి. జనవరి 22న ఇంటెల్ సంస్థే, కొన్నాళ్ళు వాటిని ఎక్కించడం ఆపమని చెప్పవలసి వచ్చింది. కాబట్టి యంత్రం కాలిపోయే ప్రమాదం లాంటిది లేనప్పుడు రెండు మూడు వారాలు ఆగి చూడటం పిరికితనం కాదు, జాగ్రత్త.

సరే, నాలుగు కారణాలలో ఒకటి ఉంది, మార్చాలనే నిశ్చయించారు. అప్పుడేం చేయాలి?

ముందు మీ బోర్డు ఏదో, బయోస్ ఏ తేదీదో తెలుసుకోండి. విండోస్ గుర్తున్న మీటనూ, ఆర్ మీటనూ కలిపి నొక్కండి. చిన్న గడి ఒకటి వస్తుంది. అందులో ఎం, ఎస్, ఐ, ఎన్, ఎఫ్, ఓ అనే అక్షరాలు, ఆ వెంటనే 32 అనే అంకె ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే పట్టికలో బోర్డు పేరు, బయోస్ నంబరు, తేదీ ఉంటాయి. వాటిని కాగితం మీద రాసుకోండి. కొన్ని బోర్డుల మీద పేరుతో పాటు 1.0, 2.0 అని రివిజన్ అంకె కూడా అచ్చువేసి ఉంటుంది. పేరు ఒకటే అయినా ఆ అంకె తేడా అయితే బయోస్ వేరు కావచ్చు. ఒక ఇంటి తాళం చెవి పక్కింటికి పట్టదు కదా.

తర్వాత బిట్‌లాకర్ సంగతి. చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డిస్కుకు ఈ తాళం వేసి ఉంటుంది. బయోస్ మారగానే అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే డిస్కులో ఉన్నదంతా ఉన్నా లేనట్టే. అందుకని ముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. బయోస్ మార్చే సమయానికి బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయండి. ముఖ్యమైన ఫైళ్ళు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. బయోస్ అమరికలలో ఏముందో ఫోనుతో తెర తెరకూ ఫోటోలు తీసుకోండి. మార్చాక ఆ అమరికలన్నీ మొదటికి పోతాయి. అప్పుడు ఆ ఫోటోలే మీకు దారి చూపుతాయి.

ఇప్పుడు కరెంటు. మన సరిహద్దు ఊళ్ళ వారికి దీని గురించి నేను వేరే చెప్పాలా! ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, చార్జరు పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. ఉంటే చాలదు, పనిచేయాలి. ముందురోజు ఒక పరీక్ష చేయండి. కంప్యూటరును బయోస్ తెర మీద ఊరికే ఉంచి, గోడ స్విచ్చి ఆపండి. పది నిమిషాలు నిలిచిందా, సరే. బీప్ మని అరిచి రెండు నిమిషాలకే పడిపోయిందా, ముందు యూపీఎస్ బ్యాటరీ మార్పించండి. ఇంటి ఇన్వర్టరును నమ్ముకోవద్దు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ కనురెప్పపాటులో కొన్ని కంప్యూటర్లు ఆగిపోతాయి. యానాంలోనో, బరంపురంలోనో తుపాను హెచ్చరిక ఉన్న వారం ఈ పని పెట్టుకోవద్దు. సోలాపూరులోనో, బళ్ళారిలోనో ఎండాకాలం మధ్యాహ్నం వద్దు. ఉదయం పూట, లైన్‌మన్‌ను ఒక మాట అడిగి మరీ మొదలుపెట్టండి.

పని విధానం కష్టమేమీ కాదు. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవులో కొత్త ఫైలు ఉంచి, బయోస్‌లోనే ఉండే సాధనంతో ఎక్కించాలి. ఆసుస్ వారు దాన్ని ఈజీ ఫ్లాష్ అంటారు, గిగాబైట్ వారు క్యూ ఫ్లాష్ అంటారు, ఎంఎస్ఐ వారు ఎం ఫ్లాష్ అంటారు. విండోస్ నడుస్తుండగా మార్చే ప్రోగ్రాములూ ఉన్నాయి కానీ, డెస్క్‌టాప్ బోర్డులకు లోపలి సాధనమే క్షేమం. ల్యాప్‌టాప్‌లకు మాత్రం కంపెనీ చెప్పిన పద్ధతినే పాటించండి. మొదలుపెట్టాక చేతులు కట్టుకుని కూర్చోవడమే మీ పని. తెర కాసేపు నల్లబడవచ్చు. రెండు మూడుసార్లు ఆగి మొదలవవచ్చు. కొత్త రకం డీడీఆర్5 మెమరీ ఉన్నవి మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అదే చాలామంది కొంప ముంచే ఘడియ. ఆగిపోయిందేమోనని బటను నొక్కేస్తారు. నొక్కవద్దు. ఎదురుగా గడియారం పెట్టుకుని కనీసం అరగంట ఓపిక పట్టండి.

ఇంత చేసినా తేడా వస్తే? బోర్డు చచ్చిపోయిందని పారేయకండి. పెద్దాయన చెప్పని సగం ఇదే. ఇప్పటి చాలా బోర్డులకు వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అనే చిన్న బటను ఉంటుంది. ప్రాసెసరు లేకపోయినా, తెర వెలగకపోయినా, పెన్‌డ్రైవు నుంచి బయోస్‌ను తిరిగి రాయడానికే దాన్ని పెట్టారు. కొన్ని బోర్డులలో రెండు బయోస్ చిప్పులు ఉంటాయి. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. ఈ రెండూ లేకపోయినా, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచీ వీధిలోనో, సికింద్రాబాదు సీటీసీలోనో చిప్పుకు క్లిప్పు తగిలించి మళ్ళీ రాసిచ్చేవాళ్ళు దొరుకుతారు. కొత్తగా కొనబోయేవారికి నా సలహా ఏమిటంటే, ఫ్లాష్‌బ్యాక్ బటను ఉన్న బోర్డునే అడిగి తీసుకోండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా, కరెంటు కోతలున్న ఊళ్ళో అది బీమా లాంటిది.

ఇప్పుడు మన హోసూరు శ్రోత దగ్గరికి వద్దాం. అయ్యా, మీ కంప్యూటరు 2019 నాటిది. ఇన్నేళ్ళూ అదే బయోస్‌తో బాగా నడిచి, నెల నుంచి ఆగిపోతోంది. బయోస్ నెల కిందట మారలేదు కదా! మారింది ఇంకేదో. కాబట్టి అనుమానం వేరేచోట పెట్టుకోవాలి. ఒక పరీక్ష చేయండి. కంప్యూటరును బయోస్ తెర మీదే ఒక గంట వదిలేయండి. అక్కడ కూడా ఆగిపోతే విండోసు తప్పు కాదు, లోపలి భాగాలలో ఏదో నలతగా ఉంది. పెట్టె తెరిచి దుమ్ము దులిపించండి. ప్రాసెసరు మీది ఫ్యాను తిరుగుతోందో లేదో, అదే తెరమీద వేడి ఎంత చూపిస్తోందో చూడండి. మెమరీ కడ్డీలు తీసి, వాటి కొసలు రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించమనండి. రెండు కడ్డీలుంటే ఒక్కొక్కటే పెట్టి ఒక్కో రోజు నడపండి. అన్నిటికంటే ముందు ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే కరెంటు పెట్టెను, ఇంకొకటి తాత్కాలికంగా తగిలించి చూడమనండి. ఏళ్ళ తరబడి హెచ్చుతగ్గుల కరెంటు తిన్న పెట్టె కాబట్టి, నేనైతే మొదటి అనుమానం దానిమీదే పెడతాను.

ఒకవేళ విండోస్‌లో మాత్రమే ఆగి, బయోస్ తెర మీద నిలకడగా ఉంటే, దోషం విండోసులోనో, డిస్కులోనో, పని ఎక్కువైనప్పుడు పెరిగే వేడిలోనో వెతకాలి. ఏది ఏమైనా తనంతట తానే ఆగిపోతున్న కంప్యూటరు మీద బయోస్ మార్చడానికి ఎవరినీ చేయి వేయనివ్వకండి. యూపీఎస్ ఎంత మంచిదైనా, మధ్యలో యంత్రమే ఆగిపోతే దాన్ని కాపాడేదేముంది? జ్వరంతో ఉన్నవాడికి ఆపరేషన్ చేయరు. ముందు జ్వరం తగ్గాలి. యంత్రం బాగుపడి, వారం పది రోజులు నిలకడగా నడిచాక, మీ బోర్డు కంపెనీ వారి జాబితా చదవండి. భద్రతకు సంబంధించిన దిద్దుబాటు అందులో ఉంటే, ముహూర్తాల ఒత్తిడి తగ్గాక, ఒక ఆదివారం పొద్దున తీరిగ్గా మార్చుకోండి. మీ కుర్రవాడి మాట అప్పటికి నిజమవుతుంది. పెద్దాయన భయానికి మీ యూపీఎస్ జవాబు చెబుతుంది.

ఎందుకు మారుస్తున్నామో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, ఆ వాక్యం కంపెనీ జాబితాలో దొరకాలి, యంత్రం ఆరోగ్యంగా ఉండాలి, కరెంటు భద్రంగా ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే భయపడి మానవద్దు. ఒక్కటి తగ్గినా తొందరపడి చేయవద్దు.